ఆయనకి ఏమిష్టమో కూడా రాయండి

పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటనలు మీరెప్పుడైనా శ్రద్ధగా చదివారా? నేను చదువుతాను. మా ఆయన నవ్వుతారు, "అందులో నీ చుట్టాలెవరైనా ఉన్నారా?" అని. ఎవరూ ఉండరు. అయినా చదువుతాను. ఒక ఫొటో, ఫొటోకి దండ, పుట్టిన తేదీ, పోయిన తేదీ. "మీరు భౌతికంగా మా మధ్య లేకపోయినా మీ ఆశయాలు మమ్మల్ని నడిపిస్తూనే ఉంటాయి" అని రెండు వాక్యాలు. కింద ఇట్లు అని భార్య, కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు. పేర్లు మార్చేస్తే ఏ ప్రకటన ఎవరిదో ఇంట్లోవాళ్ళే పోల్చుకోలేరు.

ఆ ఆశయాలేమిటో ఎవరూ రాయరు. ఆయనకి పాత పాటలు ఇష్టమా? మామిడిచెట్లకి అంట్లు కట్టేవాడా? సాయంత్రం కాగానే వాలీబాల్ కోర్టు దగ్గరికి పరుగెత్తేవాడా? ఒక మనిషి డెబ్భై ఎనభై ఏళ్ళు బతికి వెళ్ళిపోతే మనం కాయితం మీద పెట్టేది చుట్టరికాలు, తేదీలేనా?

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానంటే, మా పెద్దనాన్న సంవత్సరీకం దగ్గరికొచ్చింది. ఆయన కొడుకులిద్దరూ ఇక్కడే, ఒకరు మల్కాజిగిరిలో, ఒకరు తార్నాకలో ఉంటారు. మేం మారేడ్‌పల్లిలో. కార్యక్రమానికి వచ్చినవాళ్ళకి భోజనాలతో పాటు ఒక చిన్న పుస్తకం ఇద్దామని అనుకున్నారు. నాలుగు ఫొటోలు, నాలుగు పేజీల రాత. "నువ్వేదో రాస్తుంటావుగా, ఒకసారి చూడు" అని పెద్దన్నయ్య తను రాసింది నాకు పంపాడు. "ఆదర్శ రైతు, దైవభక్తిపరుడు, కుటుంబ పెద్దగా అందరికీ ఆదరణ చూపినవారు." అన్నీ నిజాలే. ఒక్క అబద్ధం లేదు. కానీ చదివాక పెద్దనాన్న కనిపించలేదు నాకు. ఎందుకంటే అందులో ఎద్దులు లేవు.

మా పెద్దనాన్నది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. సాగర్ కుడికాలువ కింద కాస్త వరి, మిగతాది పత్తి, మిర్చి. ఆయన పేరు చెబితే ఆ చుట్టుపక్కల ఎవరికైనా గుర్తొచ్చేది పొలం కాదు, ఒంగోలు గిత్తల జత. సంక్రాంతి మొదలుకొని శివరాత్రి, ఉగాది తిరునాళ్ళ దాకా ఎక్కడ బండలాగుడు పోటీలుంటే అక్కడికి జతని తీసుకెళ్ళేవాడు. 

చూడనివాళ్ళ కోసం చెబుతాను. మైదానంలో దారి కొలిచి రెండు చివర్లా గుర్తులు పెడతారు. క్వింటాళ్ళ లెక్కన బరువుండే రాతిబండకి గొలుసు వేసి కాడికి తగిలిస్తారు. జత ఆ చివరి దాకా లాగాలి, తిరగాలి, మళ్ళీ ఈ చివరికి లాగాలి. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. గిత్తల వయసు పళ్ళని బట్టి చూస్తారు. పాలపళ్ళవి ఒక వరస, రెండు పళ్ళవి ఒక వరస, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన పెద్దవి. మైకులో జత యజమాని పేరు, ఊరి పేరు చదువుతుంటే జనం ఈలలు వేస్తారు.

ఆ ఈలల కోసం ఏడాదంతా బతికేవాడు పెద్దనాన్న. ఎండలు ముదరకముందే గిత్తల్ని నడకకి తీసుకెళ్ళేవాడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే తనే కూర్చుని తీసేవాడు. చలి రాత్రుల్లో తన దుప్పటి తీసుకెళ్ళి గిత్త మీద కప్పి వచ్చేవాడని పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది. మేం సెలవులకి వెళితే ముందు కొట్టంలోకి తీసుకెళ్ళి గిత్తల్ని చూపించి, ఆ తర్వాతే "అన్నం తిన్నారా అమ్మాయ్?" అని అడిగేవాడు.

మరి ఇదంతా ఎందుకు రాయలేదని పెద్దన్నయ్యని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అదంతా ఎందుకులేమ్మా. ఆ ఎద్దుల పిచ్చిలోనే కదా అరెకరం అమ్మాడు. ఇప్పుడు ఆ అరెకరం ధరెంతో తెలుసా? పదిమందిలో అదెందుకు తవ్వుకోవడం? పైగా ఈ రోజుల్లో ఎద్దుల పందేలంటే జనం అదోలా చూస్తున్నారు."

అన్నయ్య మాట కొట్టిపారేసేది కాదు. ఒక మంచి జత కొనడానికి ఆయన అరెకరం మిర్చి పొలం అమ్మిన మాట నిజం. అప్పుడు నేను ఆరో తరగతి. ఆ ఏడాది పెద్దన్నయ్య విజయవాడలో హాస్టల్లో చేరాల్సింది, చేరలేదు. ఊరి నుంచే బస్సులో తిరిగి చదువుకున్నాడు. ఆ ముల్లు ఆయన కాలిలో ఉండిపోయింది. పెద్దనాన్న గిత్త కాలి ముల్లు తీసినంత తేలిగ్గా వచ్చేది కాదది.

ఇదే సమయంలో మా చెల్లి కెనడా నుంచి ఫోన్ చేసింది. వాళ్ళుండేది రెజైనాలో, సస్కాచ్వాన్ అనే రాష్ట్రంలో. గోధుమలు, కనోలా, పప్పుధాన్యాలు పండే మైదానం అది. మన దగ్గరికొచ్చే ఎర్ర కందిపప్పు, అదే మసూర్ పప్పు, కొంత అక్కడి నుంచి కూడా వస్తుంది. వాళ్ళకి తెలిసిన ఒక రైతు తాత పోయాడట, వీళ్ళు పలకరింపుకి వెళ్ళారట. "అక్కా, అక్కడ ఫొటో పక్కన ఏం పెట్టారో తెలుసా? చీపురు!" అంది.

నిజంగానే చీపురు. ఆయన కర్లింగ్ ఆడేవాడట. పేరు వినగానే మనకి బ్యూటీ పార్లర్ గుర్తొస్తుంది గానీ జుట్టుకీ దీనికీ సంబంధం లేదు. మంచు మీద రాయిని జార్చే ఆట. సుమారు 20 కిలోల బరువుండే గుండ్రటి గ్రానైట్ రాయి, పైన పట్టుకోడానికి పిడి. దాదాపు 150 అడుగుల పొడవున్న మంచుదారి. జట్టుకి నలుగురు, ఒక్కొక్కరు రెండేసి రాళ్ళు. ఒకరు రాయిని మెల్లగా జార్చి వదిలేస్తారు. వదిలాక దాన్ని ముట్టుకోకూడదు. జట్టులో మరో ఇద్దరు రాయికి ముందు పరుగెత్తుతూ చీపురు లాంటి బ్రష్షులతో మంచుని గబగబా రుద్దుతారు. రుద్దితే పైపొర వేడెక్కి కాస్త నునుపవుతుంది, రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా పోతుంది. అవతలి చివర గీసిన వలయాల నడిమధ్యకి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింటు. ఊడ్చినందుకు ఒలింపిక్ పతకమిచ్చే ఆట లోకంలో ఒకటుందని మన ఇళ్ళలో ఎవరికైనా తెలుసా? 1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్ నుంచి ఆడవాళ్ళకీ, మగవాళ్ళకీ ఇద్దరికీ పతకాలిస్తున్నారు.

ఆట పుట్టింది స్కాట్లండ్‌లో, 16వ శతాబ్దం నాటికే ఆడేవారు. చెరువులు గడ్డకడితే రైతులూ, కూలీలూ, దొరలూ కలిసి ఆడిన ఆట. ఆ వలసజనం వెంట కెనడా చేరింది. 1807లోనే మాంట్రియల్‌లో క్లబ్బు పెట్టుకున్నారు. సస్కాచ్వాన్ లాంటి చోట చలికాలం పొలమంతా మంచు కిందే ఉంటుంది. కోత అయిపోయాక రైతుకి నెలల తరబడి పొలంలో పనుండదు. అందుకే చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఒక గుడో బడో ఉన్నట్టు కర్లింగ్ షెడ్డు ఉంటుందట. అవన్లీ అనే చిన్న ఊరి నుంచి కాంప్‌బెల్ ఇంటి అన్నదమ్ములు నలుగురు వెళ్ళి 1955లో దేశం మొత్తానికి ఛాంపియన్లయ్యారు. ఆ రాష్ట్రానికి అదే మొదటిసారి. 1959లో రిచర్డ్‌సన్‌లని ఇంకో జట్టు గెలిచింది, ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు వాళ్ళ బాబాయ్ పెదనాన్నల పిల్లలు. మన ఊళ్ళో ఒక ఇంటి జత ఎద్దులకి పేరొచ్చినట్టే.

ఇక ఆ తాత గురించి ఇంటివాళ్ళు వేసిన కాయితంలో ఏముందో చెల్లి చదివి వినిపించింది. ఫలానావారి భర్త, ఫలానా పిల్లల తండ్రి, ఇన్నేళ్ళు ఫలానా చోట సేద్యం చేశాడు, ఇవన్నీ మనవాటిలాగే. ఆ వెంటనే, చలికాలంలో ఆయన్ని ఇంట్లో పట్టుకోవడం కష్టమనీ, కర్లింగ్ షెడ్డులో వెతుక్కోవాలనీ, మోకాళ్ళు పనిచెయ్యకపోతే కర్ర సాయంతో నిలబడి రాయి తోసేవాడనీ, ఓడిపోతే ఇంటికొచ్చి భార్యకి ఆ ఆటంతా మళ్ళీ చెప్పేవాడనీ, ఆవిడ అల్లిక పని ఆపకుండా వినేదనీ రాశారు. నేను ఆ మనిషిని చూడలేదు, చూడను కూడా. కానీ వింటుంటే ఆయన కనిపించాడు. ఆవిడా కనిపించింది. మా పెద్దనాన్న గురించి సొంత కొడుకు రాసినదాంట్లో నాకు కనిపించనిది అదే.

గ్రానైట్ అన్నాను కదా. ఆ కర్లింగ్ రాళ్ళకి పేరున్న గ్రానైట్ స్కాట్లండ్ దగ్గర సముద్రంలో ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి నుంచి వస్తుందట. మనకీ తక్కువేం లేదు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలు వెళుతుంది. వాళ్ళు 20 కిలోల రాయిని మంచు మీద జార్చారు, మనవాళ్ళు క్వింటాళ్ళ రాయిని మట్టిలో లాగించారు. రెండుచోట్లా రైతే. పొలం పని తగ్గిన నాలుగు రోజుల్లో తనకంటూ ఒక సరదా పెట్టుకున్నాడు, అంతే. అక్కడ ఆ సరదాని ఫొటో పక్కన పెట్టారు. ఇక్కడ మనం దాచేద్దామంటున్నాం.

దాచడానికి మనం చెప్పే కారణాల్లో ఒకటి పశువుల మీద హింస. ఆ మాట నేనూ కాదనను. ములుకర్రతో పొడిచి, కొరడాతో బాది లాగించడం నాకూ చూడబుద్ధి కాదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునీ, ఎడ్లబండి పందేల్నీ ఆపమంది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు మార్చుకుంటే 2023లో ఆ మార్పుల్ని సరేనంది. వాదన ఇంకా సాగుతూనే ఉంటుంది, సాగాలి కూడా. కానీ ఒక ఆట మీద మన అభిప్రాయం వేరు, ఒక మనిషి జీవితంలో అది ఉందా లేదా అన్నది వేరు. ఉన్నదాన్ని ఉందని రాయాలి. "కొడితే కదిలేది గిత్త కాదు, పిలిస్తే కదలాలి" అనేవాడు మా పెద్దనాన్న. అదీ రాయాలి. అలా అన్నవాడు కూడా ఒక్కోసారి కర్ర ఎత్తే ఉంటాడు. మనుషులు అలాగే ఉంటారు.

ఇంకో సంగతి. ఆ ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్ళు తీసుకెళ్ళి మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలుచుకుంటూ కోట్లలో పెంచుకుంటున్నారు. మన దగ్గర ట్రాక్టర్లు వచ్చాక దుక్కికి ఎద్దు అక్కర్లేకపోయింది. ఇంకా ఊళ్ళలో కొట్టాల్లో మంచి జతలున్నాయంటే అందులో మా పెద్దనాన్న లాంటి పిచ్చివాళ్ళ పాలు కూడా ఉంది.

రెండో కారణం, అన్నయ్య చెప్పిన అరెకరం. ఇది పశువుల మాట కన్నా కష్టమైనది. ఇంటి డబ్బు ఇంటాయన సరదాకి పోయిన ఇళ్ళు మనందరికీ తెలుసు. మీలో కొందరి ఇళ్ళే అయివుండొచ్చు. అలాంటప్పుడు "ఆయనకి ఫలానాది ఎంతో ప్రాణం" అని ముచ్చటగా రాస్తే, ఆ ప్రాణానికి బిల్లు కట్టినవాళ్ళకి ఒళ్ళు మండదా? మండుతుంది. అందుకే ఈ విషయంలో నేను మాట్లాడటం కాదు, పెద్దమ్మని అడగాలనిపించింది. ఆ అరెకరం సంగతి అందరికన్నా ఆవిడకే కదా తెలుసు.

ఆదివారం మల్కాజిగిరి వెళ్ళాం. పెద్దమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. అన్నయ్య రాసింది చదివి వినిపించాను. అంతా విని, "బాగానే ఉంది. మరి ఎడ్లేవి?" అంది.

అన్నయ్య నసిగాడు. "అరెకరం సంగతి వస్తుంది కదమ్మా..."

"రానీయ్. రాయండిరా, అరెకరం అమ్మిన సంగతీ రాయండి. దాచేదేముంది? ఆయన తాగలా, పేకాడలా. ఆ ఒక్క పిచ్చే. దానికోసం నేను ఏడ్చా, పోట్లాడా, రెండ్రోజులు పొయ్యి వెలిగించలా. అదీ రాయండి. ఆ జత కోటప్పకొండ తిరునాళ్ళప్పుడు గెలిచిందని కబురొచ్చిన రోజు నేనూ దేవుడి దగ్గర దీపం పెట్టా. ఇదీ రాయండి. ఒకటి రాసి ఒకటి దాస్తే అదేం రాత?"

అన్నయ్య ఏమీ అనలేదు. కాసేపటికి, "నా హాస్టల్ సంగతి కూడా రాయొచ్చా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వు కాదది. పెద్దమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, "రాయి నాయనా. మీ నాన్న ఆ మాట పోయేదాకా తలుచుకునేవాడు. నీతో అనలేకపోయాడు" అంది.

ఒక మనిషిని ఉన్నదున్నట్టు తలుచుకుంటే ఇది జరుగుతుంది. ఆదర్శ రైతు అని రాసి ఊరుకుంటే ఆ తల్లీకొడుకుల మధ్య ఆ మాట ఎప్పటికీ వచ్చేది కాదు. ఆదర్శ పురుషుడి మీద కోపం ఉందని ఎవరు చెప్పుకుంటారు? ఎద్దుల పిచ్చి ఉన్న నాన్న మీద అయితే చెప్పుకోవచ్చు, కోప్పడొచ్చు, క్షమించొచ్చు కూడా.

అయితే అసలు నేను చెప్పాలనుకున్నది ఇంతటితో అయిపోలేదు. మైకులో ఎప్పుడూ పెద్దనాన్న పేరే చదివారు. ఆ గిత్తలకి పొద్దున నాలుగింటికి లేచి ఉలవలు ఉడకేసిందెవరు? ఉడికినవి రోట్లో రుబ్బిందెవరు? తెలగపిండి నానబెట్టి, తవుడు కలిపి, పత్తిగింజలు పెట్టిందెవరు? పండక్కి వచ్చిన తోలేవాళ్ళకీ, వాళ్ళ వెంట వచ్చిన పదిమందికీ అన్నాలు వండిందెవరు? ఇప్పుడు హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ అని ఎగబడి తింటున్నామే, ఆ చారు అసలు ఎడ్లకి ఉడకేసిన ఉలవల నీళ్ళదే. ఎడ్ల దాణా అయ్యాక మిగిలిన నీళ్ళని చిక్కగా మరిగించి, చింతపండు వేసి, తాలింపు పెట్టి ఇంటిల్లిపాదికీ కమ్మటి చారు చేసింది పెద్దమ్మ లాంటివాళ్ళే.

కర్లింగ్‌లో రాయి వదిలేది ఒకరు. అది ఎక్కడ ఆగాలో చాలావరకు తేల్చేది ముందు పరుగెత్తి ఊడ్చేవాళ్ళు. ఆ ఆటలో వాళ్ళనీ ఆటగాళ్ళనే అంటారు, పతకం వాళ్ళ మెళ్ళోనూ వేస్తారు. మన ఇళ్ళలో ఊడ్చేవాళ్ళకి ఆ లెక్క లేదు.

అందుకే అక్కడే అడిగాను, "పెద్దమ్మా, మరి నీకేం ఇష్టం?"

"నాకేంటే ఇష్టం! పిల్లలు చల్లగా ఉంటే చాలు." మనందరం చెప్పే జవాబే. మా అమ్మా అదే చెప్పేది, మా అత్తగారూ అదే చెబుతారు, రేపు మా అమ్మాయి అడిగితే నా నోట్లోంచీ అదే వస్తుందేమో.

"అది కాదు. నీకు, నీ కోసం, ఏదంటే ప్రాణం?" అని మళ్ళీ అడిగాను. చాలాసేపు చిక్కుడుకాయలు తుంచింది. తర్వాత మెల్లగా అంది, "వామనగుంటలు."

ఆవిడ కొడుకులిద్దరూ తలెత్తి చూశారు. యాభై ఏళ్ళుగా ఆ అమ్మ చేతి అన్నం తింటున్నవాళ్ళకి ఈ మాట కొత్త.

"మా అమ్మగారింట్లో టేకు పలక ఉండేది, పద్నాలుగు గుంటలది. చింతపిక్కలతో ఆడేవాళ్ళం. మా ఊళ్ళో నన్ను గెలిచినవాళ్ళు లేరు. పిక్కలు చేతిలోకి తీస్తే చాలు, ఎన్నున్నాయో, ఆఖరి పిక్క ఏ గుంటలో పడుద్దో నాకు తెలిసిపోయేది. పెళ్ళయ్యాక పలక అక్కడే ఉండిపోయింది. ఇక్కడ నాలుగింటికి లేస్తే ఉలవల పొయ్యి. ఎప్పుడాడతా?"

ఈ మాటల్లో ఏడుపేమీ లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకే గొంతు పట్టేసింది. పెద్దనాన్న మంచివాడు. ఆవిడని ఒక్కమాట అనలేదు, చెయ్యెత్తలేదు. ఇప్పటికీ నాకు ఆయనంటే ప్రాణం. కానీ ఆయన ఆటకి ఒక కొట్టం ఉంది, ఒక మైదానం ఉంది, మైకు ఉంది, అమ్ముకోడానికి అరెకరం ఉంది. ఆవిడ ఆటకి ఒక చెక్కపలక, గుప్పెడు చింతపిక్కలు చాలు. అవి కూడా అత్తారింటికి రాలేదు. ఇందులో ఆయన తప్పెంత, కాలం తప్పెంత అని తూకం వెయ్యడానికి నేనెవర్ని? ఉన్నమాట రాయమంటున్నానంతే.

సాండ్రా ష్మిర్లర్ అనే ఆవిడ గురించి కూడా చెల్లే చెప్పింది, తర్వాత నేను చదివాను. అదే సస్కాచ్వాన్‌లో బిగ్గర్ అనే చిన్న ఊరిపిల్ల. 1993, 1994, 1997లో కర్లింగ్ ప్రపంచ ఛాంపియన్. 1998 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మొట్టమొదటి బంగారు పతకం ఆవిడ జట్టుదే. అప్పటికి ఆవిడ పెద్దకూతురికి ఏడాది కూడా నిండలేదు. 2000 మార్చిలో కాన్సర్‌తో పోయింది, ముప్ఫై ఆరేళ్ళకే, ఇద్దరు పసిపిల్లల్ని వదిలి. ఆవిడ అంత్యక్రియల్ని దేశమంతా టీవీలో చూసింది. ఆవిడ పేరున పెట్టిన సంస్థ ఇప్పటికీ నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వైద్యానికి సాయం చేస్తోంది. అమ్మగా తలుచుకున్నారు, ఆటగత్తెగా తలుచుకున్నారు. ఒకటి రాయడానికి ఇంకోటి చెరపలేదు.

మన శ్రద్ధాంజలి ప్రకటనల్లో ఆడవాళ్ళవి చూడండి. "మాతృమూర్తి, అన్నపూర్ణ, త్యాగశీలి." మూడూ మంచి మాటలే. మూడూ ఆవిడ మనకేం చేసిందో చెప్పేవే. ఆవిడకేం కావాలనిపించేదో ఒక్కటీ చెప్పదు. మగవాళ్ళ సంగతి కాస్త నయం, కనీసం వాళ్ళ సరదాని సిగ్గుపడి దాచుకోడానికైనా ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉంటుంది. ఆడవాళ్ళది దాచడానికి కూడా ఎవరికీ తెలియదు.

"పోయినవాళ్ళ గురించి ఇవన్నీ ఎందుకు, నాలుగు మంచిమాటలు చాలవా?" అని మీలో కొందరు అడుగుతారు. నా ఉద్దేశంలో ఇష్టాలు చెప్పడం కన్నా మంచిమాట లేదు. బాధ్యతలు అందరూ మోస్తారు, మొయ్యక తప్పదు కాబట్టి. ఎవరూ అడగకపోయినా, ఎవరూ మెచ్చకపోయినా ఒక మనిషి ఎక్కడికి పరుగెత్తాడో అది ఆ మనిషి సొంతం. మనవలకి తాత ఎన్ని బస్తాల మిర్చి పండించాడో గుర్తుండదు. గిత్తకి తన దుప్పటి కప్పాడన్నది గుర్తుంటుంది.

పుస్తకం మళ్ళీ రాశాం. అన్నయ్యే రాశాడు, నేను అక్షరదోషాలు చూశాను. ఎద్దులున్నాయి, అరెకరం ఉంది, హాస్టల్ గురించి ఒక వాక్యం ఉంది. నాలుగో పేజీ సగం పెద్దమ్మది. ఉలవల పొయ్యి, ఉలవచారు, వామనగుంటలు. బతికున్న మనిషి గురించి సంవత్సరీకం పుస్తకంలో రాయొచ్చా అని ఇంట్లో ఒకరిద్దరు సందేహించారు. పెద్దమ్మే అంది, "పోయాక రాస్తే నేను చదువుకోవద్దా?"

తార్నాక అన్నయ్య కూతురు ఆన్‌లైన్‌లో వామనగుంటల పలక తెప్పించింది. దాంతో వచ్చిన గవ్వల్ని పక్కన పెట్టించి, చింతపిక్కలు తెమ్మంది పెద్దమ్మ. మొదటి ఆట నాతోనే. ఎలా అయిందో చెప్పక్కర్లేదు, నా గుంటల్లో ఒక్క పిక్క మిగల్లేదు.

మీకు నేను చెప్పేదొకటే. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఈ వారమే వాళ్ళ పక్కన కూర్చుని ఒక నోటుబుక్కు పెట్టుకోండి. చిన్నప్పుడు ఏం ఆడేవాళ్ళు, దేనికోసం ఇంట్లో తిట్లు తిన్నారు, దేనికోసం డబ్బు తగలేశారు, ఏది మానుకోవాల్సి వచ్చింది, ఎందుకు మానుకున్నారు, అడగండి. మగవాళ్ళయితే గబగబా చెప్పేస్తారు. ఆడవాళ్ళయితే "నాకేముంది, మీరు బావుంటే చాలు" అంటారు. అది రాసుకుని లేచిపోకండి. ఇంకోసారి అడగండి.